ఖాతా పుస్తకం మూసిన తర్వాతే లెక్క తెలుస్తుంది

ప్రశ్న: అక్కయ్య గారికి వందనాలు. మాది కాజీపేట. నా భర్త ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తారు. జీతం 16 వేలు. బాబుకు ఆరేళ్లు, పాపకు రెండేళ్లు, ఇప్పుడు నాకు అయిదో నెల. అత్తమ్మ మాతోనే ఉంటారు. అద్దె 4 వేలు, దశమభాగం (దేవుని పనికి గుడిలో ఇచ్చే పదో వంతు) 1,600 పోగా మిగిలినదానిలో నాలుగింట మూడు వంతులు కిరాణా కొట్టుకే పోతోంది. సందు చివరి దుకాణంలో మాకు ఖాతా ఉంది. పోయిన నెల లెక్క 7,900 అయింది. పాలు, కూరగాయలు, గ్యాసు దీనికి అదనం. ప్రతి నెలా ఏడెనిమిది వందలు బాకీ పడుతున్నాం. గురువారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. పన్నెండు మంది వరకు వస్తారు, టీ, పకోడీలు పెడతాం. బిడ్డ పుట్టేవరకు దశమభాగం ఆపుదామని మావారు అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. రేషన్ కార్డులో అత్తమ్మ, మావారు, నేను, మా ముగ్గురి పేర్లే ఉన్నాయి. ఖాతా పేజీలు రాసి పంపుతున్నాను, చూడండి. రాత్రిపూట నేను అన్నం తగ్గించాను. ఇంట్లో ఎవరికీ తెలియదు.
— ఒక సోదరి, కాజీపేట

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరంలో ఆ చివరి రెండు వాక్యాలు చదివి కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. మిగిలిన లెక్కలన్నీ తర్వాత చూద్దాం. ఈ రాత్రి నుంచే కడుపునిండా తిను. నీ భర్తకూ అత్తమ్మకూ ఈ సంగతి చెప్పు. అయిదో నెలలో తల్లి గిన్నెలోంచి తీసింది ఇంటికి మిగలదు, ఆసుపత్రికి పోతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ వడ్డించి, అడుగున మిగిలినది తిని, దాన్ని త్యాగం అనుకుంటారు. మా అమ్మ అలాగే చేసింది, ఆమెకు జీవితమంతా రక్తహీనతే. నేను దాన్ని త్యాగం అనను.

రేపే మీ అంగన్‌వాడీకి వెళ్లి పేరు నమోదు చేయించుకో. గర్భిణులకూ బాలింతలకూ ఆరోగ్యలక్ష్మి పథకం కింద ఒక పూట వేడి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే పెడతారు. పాపకు మూడేళ్లు నిండేదాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి, 16 గుడ్లు వస్తాయి. ‘జీతగాళ్ల ఇల్లు కదా, అంగన్‌వాడీకి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు’ అనే మాట మన సంఘాల్లోనూ వింటుంటాను. నీ బిడ్డ కోసం వచ్చిన గుడ్డు అది. తలెత్తుకుని వెళ్లి తెచ్చుకో.

ఇక రేషన్ కార్డు. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ముగ్గురి పేర్లతో మీకు 18 కిలోలు వస్తోంది, పైన 25 కిలోల బస్తా 1,400 పెట్టి కొంటున్నావు. పిల్లలిద్దరి పేర్లు చేరితే 30 కిలోలు అవుతుంది. అప్పుడు ఆ బస్తా దాదాపు రెండు నెలలు వస్తుంది, అంటే నెలకు 700 చేతిలో నిలుస్తాయి. పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్ తీసుకుని మీసేవకు వెళ్లండి. మీ ఆయనకు సెలవు దొరకదని వాయిదా వేయవద్దు, అత్తమ్మను తీసుకుని నువ్వే వెళ్లు. రేషన్ బియ్యం ముద్ద అవుతోందని చాలామంది అంటారు. కొత్త బియ్యం గుణమే అది. గ్లాసుకు పోసే నీళ్లు కొంచెం తగ్గించి చూడు. ఒక నెల బియ్యం డబ్బాలో ఉంచి ముందటి నెలది వాడుతూ ఉంటే క్రమంగా పొడిపొడిగా వస్తుంది. నూకలు మిగిలితే పిండి పట్టించి సర్వపిండి చెయ్యి. పిల్లలకు బిస్కెట్ల కంటే వేయి రెట్లు మేలు.

బిస్కెట్ల మాట వచ్చింది కాబట్టి ఖాతా పేజీలకు వస్తాను. నువ్వు పంపిన పేజీలో బిస్కెట్లు, చిప్సు అని 37 సార్లు ఉంది. కలిపితే 610 రూపాయలు. టీపొడి చిన్న ప్యాకెట్లు ఆరు. షాంపూ సాచెట్లు లెక్కపెట్టలేకపోయాను. నూనె ప్యాకెట్లు ఏడు. చెల్లెమ్మా, ఇందులో ఒక్కటి కూడా నువ్వు విలాసంగా కొన్నది కాదు. బాబు చేతికి చీటీ ఇచ్చి పంపినప్పుడు వాడు అడిగింది, అత్తమ్మకు టీపొడి అయిపోతే తెచ్చింది. ఖాతా ఉన్నచోట చేతిలోంచి నోటు వెళ్లదు, అందుకే మనసు లెక్క వేయదు. ధర అడగడానికీ మొహమాటమే, ఎందుకంటే బాకీ ఉన్నాం.

ఈ బాధ నాకు తెలుసు. నాకు నలుగురు పిల్లలు. హనుమకొండలో కాపురం పెట్టిన కొత్తలో మాకూ ఖాతా ఉండేది. ఒక క్రిస్మస్‌కు పిల్లలకు కొత్తబట్టలు కుట్టించి, ఆ నెల బాకీ కట్టలేకపోయాను. పండుగనాడు ఉదయం గుడికి వెళ్లడానికి దుకాణం ముందు నుంచి పోకుండా పిల్లలను వెనక సందులోంచి నడిపించాను. చిన్నది కొత్త గౌనుకు బురద అంటించుకుని ఏడ్చింది. ఆ ఆరాధనలో నేను పాడిన ఒక్క పాటా నా గొంతులోంచి రాలేదు. జనవరి మొదటివారంలో ఆ షావుకారు దగ్గరకు వెళ్లి, ‘నెలకు మూడు వందల చొప్పున పాత బాకీ తీరుస్తాను, ఇకమీద రొక్కానికే కొంటాను’ అన్నాను. ఆయన మంచివాడు, సరేనన్నాడు. తీర్చడానికి ఏడు నెలలు పట్టింది. ఆ తర్వాతే మా ఇంట్లో ఏ సరుకు ఎంత అవుతోందో నాకు మొదటిసారి తెలిసింది.

నువ్వూ అదే చెయ్యి. నెలలో రెండుసార్లే కొను, ఒకటో తేదీన ఒకసారి, పదహారున ఒకసారి. మధ్యలో అయిపోయిన వస్తువు లేకుండానే గడపండి. బాబు చేతికి చీటీ ఇవ్వడం మానేయి. పల్లీలు, బెల్లం తెచ్చి ఆదివారం మధ్యాహ్నం పట్టీలు చేసి డబ్బాలో పోస్తే, 610లో సగమైనా మిగులుతుంది. దుకాణంలో ప్యాకెట్ తిప్పి చూడటం నేర్చుకో. గ్రాముకు, మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా ప్యాకెట్ మీద వేయాలని 2022లో నిబంధన అమల్లోకి వచ్చింది. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు. చూడటానికి అంతే ఉన్న ప్యాకెట్ల మీద కొన్నిటికి 850 గ్రాములని రాసి ఉంటుంది, ధర మాత్రం నాలుగు రూపాయలు తక్కువ. ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టుల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. రొక్కం ఇచ్చి కొనేటప్పుడు పాత ధర వేస్తే అడగగలం.

నూనె ఏడు ప్యాకెట్లు చాలా ఎక్కువ. తేలికపాటి పని చేసే పెద్దవాళ్లకు రోజుకు 20 నుంచి 30 గ్రాములు చాలునని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఆ లెక్కన మీ అయిదుగురికీ నెలకు నాలుగు లీటర్లు దాటకూడదు. మిగిలిన మూడూ గురువారం పకోడీల్లో పోతున్నాయని నా అనుమానం. కూటం మానేయమని చచ్చినా చెప్పను. ఆ పన్నెండు మంది మీ గుమ్మంలోకి వస్తున్నారంటే అది మీ ఇంటికి దేవుడిచ్చిన గౌరవం. పకోడీలకు బదులు గుడాలు పెట్టు. ముప్పావు కిలో బొబ్బర్లు ఉదయం నానబోసి, సాయంత్రం ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు వేస్తే పన్నెండు మందికి సరిపోతాయి, నూనె రెండు చెంచాలు. కూటంలోని ఆడవాళ్లతో విషయం నేరుగా చెప్పు. వారానికి ఒకరు గుడాలు తెస్తామని వాళ్లే అంటారు. మా వీధి కూటంలో అలాగే జరిగింది.

ఆదివారం కూర సంగతి నువ్వు రాయలేదు, అయినా ఊహించగలను. గుడి నుంచి వచ్చాక మాంసం లేకపోతే ఆదివారంలా అనిపించదు. కిలో కోడికి బదులు అర కిలో కోడే ఎముకలతో తెచ్చి, శనగపప్పు, సొరకాయ వేసి దాల్చా చెయ్యి. అందరికీ రెండు పూటలా వస్తుంది. కూరగాయలకు బస్సెక్కి హనుమకొండ రైతుబజారుకు వెళ్లు. ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. రోజు ధరలు పలక మీద రాసి ఉంటాయి, ముందు అది చదివి తర్వాత సంచి విప్పు. పుంటికూర, గంగవాయిలి కూర దొరికే రోజుల్లో పప్పులో వేస్తే కందిపప్పు సగమే పడుతుంది.

ఇంకొక పని, డబ్బు ఖర్చు లేనిది. ఒక వారం పాటు ప్రతి రాత్రి మిగిలిన అన్నాన్ని బియ్యం కొలిచే గ్లాసుతోనే కొలిచి క్యాలెండర్ మీద రాయి. నేను రాసినప్పుడు వారానికి తొమ్మిది గ్లాసుల అన్నం వచ్చింది. మరునాటి నుంచి ఎసట్లో అర గ్లాసు తగ్గించాను, ఎవరికీ ఆకలి వేయలేదు. అయిదు రొట్టెలు అయిదు వేల మందికి పంచిన ప్రభువు, మళ్లీ అంత చేయగలిగినవాడే, మిగిలిన ముక్కలు నష్టపోకుండా పోగు చేయమన్నాడు. ఎన్నిసార్లు విన్నానో ఆ భాగం. ఆ గ్లాసు పట్టుకున్న వారంలోనే నాకు అది వంటింటి మాటగా వినిపించింది.

దశమభాగం గురించి. నీ భర్త భక్తి లేనివాడై అలా అనలేదు, బాకీ చూసి భయపడ్డాడు. అతన్ని తప్పుపట్టవద్దు. ఇచ్చేది మనకు ఉన్నదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది, ఎనిమిదో అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకున్నవాళ్లను యేసు గద్దించాడని కూడా గుర్తుంచుకోండి. అప్పు తెచ్చి కానుక వేయడం నాకు సమ్మతం కాదు. పైన చెప్పిన బియ్యం 700, నూనె ఓ 450, చిరుతిండి 300 కలిస్తే 1,450 అవుతుంది. మూడు నెలలు ఇది చేసి చూడమని అతన్ని అడుగు, అప్పటిదాకా నిర్ణయం ఆపమను. మా అమ్మ ఎసట్లో పోసే బియ్యంలోంచి రోజూ పిడికెడు తీసి కుండలో వేసేది, ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేది. డబ్బు బొత్తిగా లేని సంవత్సరాల్లో మా ఇంటి కానుక అదే, అయ్యగారు దాన్ని తక్కువ చేసి చూడలేదు.

బాకీ తీరాక వారానికి వంద ఒక డబ్బాలో వెయ్యి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త మిరపకాయ వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వస్తుంది, కొత్త కందిపప్పు, చింతపండు కూడా అప్పుడే. సంవత్సరానికి సరిపడా కొనాలంటే ఒకేసారి డబ్బు కావాలి, అదే మనలాంటివాళ్లకు అడ్డు. కూటంలో నలుగురు కలిస్తే ఆ అడ్డు తొలగుతుంది. మేం అయిదు ఇళ్లవాళ్లం కలిసి మిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, ఎండబెట్టి, గిర్నీలో పట్టిస్తాం. కారానికి తేజ రకం, రంగుకు కొద్దిగా చపాటా రకం కలుపుతాం. అన్నట్టు మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కాన్పు అయ్యాక నాకు మళ్లీ రాయి. ఈసారి రాత్రి ఏం తిన్నావో కూడా రాయి.

ప్రశ్న: అక్కయ్య గారూ, కిందటి వేసవిలో మీ మాట విని 15 కిలోల కందిపప్పు కొన్నాను. వానలు మొదలయ్యేసరికి పురుగు పట్టింది. పారేయాలా?
— నర్సంపేట పాఠకురాలు

జవాబు: పొడి, పప్పుకు రంధ్రాలు కొద్దిగానే ఉంటే పారేయవద్దమ్మా. చెరిగి, రెండు రోజులు ఎర్రటి ఎండలో పలుచగా పరచండి. పిండిగా రాలిపోతున్నదాన్ని మాత్రం తీసేయండి. మంచిదాన్ని చల్లారాకే డబ్బాలో పోయాలి, వేడిమీద పోస్తే చెమ్మ పడుతుంది. ఈసారి కొన్న వెంటనే ఎండబెట్టి, కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించి, మూడు చిన్న డబ్బాల్లో విడివిడిగా పోయండి. ఒకటి పూర్తిగా వాడాకే రెండోది తెరవండి. వండే ముందు వేడినీళ్లతో కడిగితే ఆముదం వాసన ఉండదు.