వంటింటి సందేహాలు: పాలు అడుగంటని గిన్నె ఏది?

ప్రశ్న: మేం నలుగురం. రోజూ లీటరు పాలు కాస్తాను. స్టీలు పాలగిన్నె కొన్న ఆర్నెల్లకే పాలు అడుగంటడం మొదలైంది, మాడు వాసన వస్తోంది. గాంధీ రోడ్డులో అడిగితే సాండ్విచ్ బాటమ్, ట్రైప్లై అని రెండు రకాలు చూపించారు. ధరలో చాలా తేడా ఉంది. పదేళ్లయినా మన్నేలా, ఖర్చు మించకుండా ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తప్పు మీ చేతిలోనూ లేదు, పాలలోనూ లేదు. గిన్నె అడుగు పలచన, అంతే. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు, పులుపుకు చెడదు గానీ వేడిని పక్కకు పంచడం దానికి చేతకాదు. ఆ పని అల్యూమినియం దానికంటే సుమారు 15 రెట్లు బాగా చేస్తుంది. పలచని స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటే వేడంతా నిలిచిపోతుంది. మీ పాత గిన్నె లోపలికి ఒకసారి చూడండి. మాడిన మచ్చ గుండ్రంగా, బర్నర్ రంధ్రాల వరసను అచ్చు గుద్దినట్టు ఉంటుంది. పాలలోని మాంసకృత్తులు కిందికి దిగి ఆ వలయం మీద అతుక్కుంటాయి. ముందు గోధుమ రంగు పొర కడుతుంది, కదపకపోతే నల్లబడుతుంది.

ఈ లోపాన్ని సరిచేయడానికే స్టీలు మధ్య అల్యూమినియం పెడతారు. సాండ్విచ్ బాటమ్‌లో అల్యూమినియం బిళ్ల అడుగున మాత్రమే ఉంటుంది, గోడలు మామూలు రేకే. ట్రైప్లైలో అడుగు నుంచి అంచు దాకా మూడు పొరలూ కలిసే ఉంటాయి. సాండ్విచ్ గిన్నె మీద మంట బిళ్లను దాటి పైకి పాకిందంటే, బిళ్ల అయిపోయి రేకు మొదలయ్యే మూల దగ్గర పాలు పట్టేస్తాయి. పెద్ద బర్నర్ మీద చిన్న గిన్నె పెట్టే ఇళ్లలో ఈ ఫిర్యాదు ఎక్కువ. మంట అడుగు దాటకుండా చూసుకోగలిగితే సాండ్విచ్ బాటమ్ చాలు, డబ్బులూ మిగులుతాయి. పాలు పొయ్యి మీద పెట్టి పక్క పనిలో పడిపోయే అలవాటు ఉంటే మాత్రం ట్రైప్లైకే వెళ్లండి. పాలు, పాయసం కాచే ఆ ఒక్క గిన్నె మీదే ఖర్చు పెట్టండి. టీకి, చారుకు, గుడ్లు ఉడకబెట్టడానికి మందపాటి మామూలు స్టీలు గిన్నె హాయిగా సరిపోతుంది.

సైజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. పెట్టె మీద రాసే లీటర్లు సాధారణంగా అంచు దాకా నింపితే పట్టే లెక్క. పొంగు కోసం పైన కనీసం మూడో వంతు ఖాళీ ఉండాలి. లీటరు పాలకు లీటరున్నర గిన్నె బొటాబొటీగా సరిపోతుంది. 18 సెం.మీ. వ్యాసంతో 2 లీటర్లకు పైన పట్టేది తీసుకోండి. ట్రైప్లై అయితే మొత్తం మందం 2.5 మి.మీ. ఉండాలి. సాండ్విచ్ అయితే బిళ్ల 4 మి.మీ.కు తగ్గకూడదు. మామూలు స్టీలును గేజీల్లో చెబుతారు. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుందని మరిచిపోవద్దు: 22 గేజీ అంటే సుమారు 0.7 మి.మీ., 18 గేజీ అంటే 1.2 మి.మీ. అంకె పెద్దదని మురిసిపోయి పలచని గిన్నె ఇంటికి తెచ్చుకుంటాం.

అంగట్లోనే గిన్నెను అద్దం బల్ల మీద పెట్టి, అంచును ఒక పక్క వేలితో నొక్కండి. టకటకమని ఊగితే వదిలేయండి. ఇక పాలు పోసేముందు గిన్నెను నీళ్లతో తొలిపి, తుడవకుండా తడి మీదే పోయండి. ఆ పలచని నీటిపొర అడుగంటడాన్ని కొంత ఆపుతుంది. మన పెద్దవాళ్లు చేసే పనే ఇది.

ప్రశ్న: 304 స్టీలు అవునో కాదో అయస్కాంతంతో తేల్చవచ్చని చెబుతారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తేలదు. 304 అనేది స్టీలు రకాన్ని చెప్పే అంకె. అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. గిన్నెల మీద 18/8 అని కనిపించేది అదే. చవక రకమైన 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ఈ రెండింటికీ సాధారణంగా అయస్కాంతం అంటదు. కాబట్టి అంటలేదని 304 అనుకోవడం తప్పు. అలాగే బయటివైపు అంటిందని నకిలీ అనుకోవడమూ తప్పే. ఇండక్షన్ స్టవ్ కోసం బయటి పొరగా కావాలనే 430 రకం వేస్తారు, దానికి అయస్కాంతం అంటుతుంది.

అడుగున ముద్ర చూడండి. ఐఎస్ఐ గుర్తు, స్టీలు పాత్రల ప్రమాణం ఐఎస్ 14756 సంఖ్య ఉన్నాయా అని వెతకండి. బిల్లులో 304 అని రాయించుకోండి. రాయడానికి వెనకాడే అంగట్లో కొనకండి. చింతపండు, ఉప్పు ఎక్కువసేపు నిలిచే గిన్నెకు 304 కావాలి. పాలకు, టీకి అయితే పలచని 304 కంటే మందపాటి 202 మేలు.

ప్రశ్న: సాస్‌పాన్‌లో ఇద్దరికి సంగటి గెలుకుతున్నా. మూడు నెలలకే పిడి ఊగిపోతోంది. బిగించినా నిలవడం లేదు.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: సాస్‌పాన్ సంగటికి పనికొచ్చే గిన్నె కాదమ్మా. పిండి గట్టిపడ్డాక సంగటి కట్టెతో నొక్కి తిప్పే బలమంతా ఒంటిపిడి మీదే పడుతుంది. పిడి స్పాట్ వెల్డింగ్‌తో అతికించింది అయితే ఆ చుక్కలు ఒక్కొక్కటే ఊడతాయి. పలచని రేకుకు మళ్లీ వెల్డింగ్ పెట్టిస్తే బొక్క పడే ప్రమాదం ఉంది, ఆ ఖర్చు దండగ. రివిట్లు ఉంటే పాత్రలు బాగుచేసేవాళ్లు బిగించి కొడతారు. బ్యాకెలైట్ (నల్లని గట్టి ప్లాస్టిక్) పిడి అయితే స్క్రూ మర అరిగి ఉంటుంది, పిడి కొత్తది వేయించండి. పాలు, టీ పెట్టుకోవడానికైనా రెండు మూడు రివిట్లున్న పిడే ఎంచుకోండి.

సంగటికి రెండు చెవులున్న, లోతైన, మందపాటి అల్యూమినియం తపేలా కొనండి. అడుగు 3 మి.మీ.కు తగ్గకూడదు. పొయ్యి మీద గెలకకండి. దించి, నేల మీద చుట్టకుదురులో కుదురుగా పెట్టి, ఒక చెవిని మసిగుడ్డతో పట్టుకుని గెలకండి. సంగటిలో పులుపు లేదు కాబట్టి అల్యూమినియంతో ఇబ్బంది లేదు. అదే తపేలాలో పులుసు, టమాటా పప్పు మాత్రం వండకండి. పులుపు లోహాన్ని తింటుంది, కూర రంగు మారి లోహపు రుచి వస్తుంది.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీ దగ్గర గదిలో ఉంటున్నాం. ఇండక్షన్ స్టవ్ చిన్న టీ గిన్నెను పట్టుకోవడం లేదు, ఎర్రర్ చూపిస్తోంది.
– విద్యార్థులు, తిరుపతి

జవాబు: రెండు కారణాలు ఉండొచ్చు. అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటకపోతే గిన్నె రకం తప్పు. అంటుతున్నా పనిచేయకపోతే అడుగు చిన్నదై ఉంటుంది. చాలా స్టవ్‌లు 12 సెం.మీ. కంటే తక్కువ అడుగును గుర్తించవు. నోటి వ్యాసం కాదు, స్టవ్‌కు ఆనే అడుగును స్కేలుతో కొలిచి కొనండి.

ప్రశ్న: మాది బోరు నీళ్లు. స్టీలు గిన్నెల లోపల తెల్ల మచ్చలు, అక్కడక్కడా సూదిమొనంత గుంటలు పడుతున్నాయి. స్టీలు నాసిరకమా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రెండూ వేరు వేరు. తెల్ల మచ్చలు బోరు నీళ్లలోని సున్నం. అర గ్లాసు వెనిగర్, అర గ్లాసు నీళ్లు పోసి 5 నిమిషాలు మరిగిస్తే వదిలిపోతాయి. వెనిగర్ లేకపోతే నిమ్మచెక్కలు వేసి మరిగించండి. గుంటలు ఉప్పు వల్ల పడతాయి. చల్లని నీళ్లలో రాళ్లుప్పు వేస్తే అది కరగకుండా అడుగున కూర్చుని, స్టీలును కాపాడే క్రోమియం పొరను ఆ చోట తినేస్తుంది. పడిన గుంట పూడదు. ఇకమీద నీళ్లు మరిగాకే ఉప్పు వేసి కలపండి. ఉప్పు పులుసులు రాత్రంతా గిన్నెలో ఉంచకండి.

మాడిన అడుగుకు స్టీలు పీచు పట్టుకోకండి, గీతలు పడితే మళ్లీ అక్కడే అంటుకుంటుంది. మాడు మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి 10 నిమిషాలు మరిగించి, రాత్రంతా నాననిచ్చి చెక్క గరిటెతో గీకండి. అల్యూమినియం గిన్నెలో మాత్రం సోడా వేయొద్దు, లోహం నల్లబడుతుంది. దానికి చింతపండు నీళ్లు మరిగిస్తే చాలు.