ఇంట్లో మీడియా సర్వర్ (సినిమా ఫైళ్లు దాచి టీవీకి పంపే కంప్యూటర్) పెట్టుకున్నా సినిమా ఎందుకు ఆగి ఆగి వస్తుంది?

చాలాసార్లు కారణం ఇంటర్నెట్ ప్లాన్ కాదు, ఇంట్లోని వైఫై లేదా ట్రాన్స్‌కోడింగ్. ఫైల్ ఫార్మాట్ టీవీకి పడకపోతే సర్వర్ దాన్ని అప్పటికప్పుడు మార్చి పంపాలి, ఇదే ట్రాన్స్‌కోడింగ్; పాత కంప్యూటర్‌కు అది మోయలేని పని. బొమ్మల రూపంలో ఉండే సబ్‌టైటిల్స్ ఆన్ చేసినా ఇదే జరగవచ్చు, చాలామంది దీన్ని అనుమానించరు.

ఉదాహరణకు మిర్యాలగూడలో ఒక డాబా ఇల్లు: సర్వర్, రౌటర్ మేడమీద, టీవీ కింద. ఒక పెద్ద 4కే ఫైల్‌కు 60 ఎంబీపీఎస్ కావాలనుకుందాం, స్లాబు దాటి వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. రౌటర్ నుంచి సర్వర్‌కు, టీవీకి రెండింటికీ లాన్ కేబుల్ వేయండి. టీవీ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా సరిపోతుంది.

ప్లాన్ పెంచితే బాగవుతుందనుకోవడం పొరపాటు. ఇంటి ఫైల్ ఇంట్లోనే తిరుగుతుంది, ఆ డబ్బు దండగ. హైదరాబాద్‌లో కూర్చుని ఇంటి సర్వర్‌లోది చూస్తేనే ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ వేగం లెక్కలోకి వస్తుంది.