ఓడ టైము

నరసాపురం.

చి.సౌ. బుజ్జికి మావయ్య ఆశీర్వదించి రాసేది. ఉభయకుశలోపరి.

వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, బుజ్జి మమ్మల్ని సింగపూర్ తీసుకెళ్లి ఓడ ఎక్కిస్తుందట. నాలుగు రాత్రులు సముద్రం మీదేనట. ఏం చెయ్యమంటావు?" అంది. రాజోలు నుంచి మా ఇంటికి రావాలన్నా గోదారి దాటించే పంటు ఎక్కడం ఇష్టం లేక, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి బస్సులో వచ్చే మనిషి. "వెళ్లవే, ఏం కాదు" అనేశాను గట్టిగా. ఫోన్ పెట్టాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. "ఓడ ఎక్కేది వాళ్లయితే మీకెందుకండీ ఈ దొర్లుడు" అని మీ అత్తయ్య కసిరింది.

ముందు చిన్న పనులు చెప్పేస్తాను. నువ్వు ఉద్యోగస్తురాలివి, ఇవన్నీ తెలిసే ఉంటాయి. అయినా చదువు.

పాస్‌పోర్టులకి ఇంకా 6 నెలలు పైన గడువుండాలి. సింగపూర్ వీసా ఒక్కసారి లోపలికి వెళ్లేది సరిపోదు, ఎన్నిసార్లయినా వెళ్లే వీసా కావాలి. ఓడ మలేషియాలో పినాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌కే తెస్తుంది కదా, అది రెండోసారి దేశంలో అడుగుపెట్టడం కింద లెక్క. మలేషియా, థాయ్‌లాండ్ రూల్స్ తరచూ మారుతుంటాయి, టికెట్ కొన్నప్పుడు ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి చూసుకో. సింగపూర్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే 3 రోజుల ముందు నుంచి తీసుకుంటారు. ఓడ బయల్దేరే రోజే విమానం దిగాలనుకోకు, ఒకరోజు ముందే చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఓడ ప్రయాణానికి వర్తిస్తుందా అని అడుగు. ఓడలో డాక్టరుంటాడు గానీ ఫీజులు మన ఊరి ఫీజులు కావు.

బావగారి బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. టెర్మినల్‌లో ఇచ్చిన పెద్ద పెట్టెలు ఒక్కోసారి సాయంత్రానికి గాని గదికి రావు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. ఆ లెక్కన మాత్రల వేళలు ఇప్పుడే కాగితం మీద రాసి ఇవ్వు. ఇంకోటి, ఆయన జేబులో ఖైనీ పొట్లం ఉంటే ఇక్కడే పారేయించు. సింగపూర్‌లో నమిలే పొగాకు తేవడానికే వీల్లేదు. నేను చెప్పానని మాత్రం చెప్పకు, బావగారితో నాకు గొడవ వద్దు.

మీ అత్తయ్య ఆవకాయ సీసా కడతానంటోంది. వద్దన్నాను. సీలు వేసిన కొట్టు పొట్లాలయితే సాధారణంగా పట్టించుకోరు, ఇంట్లో వండినవి ఓడ గుమ్మం దగ్గరే తీసేస్తారు. మన వాళ్లు ఎక్కువగా ఎక్కే ఓడల్లో అన్నం, పప్పు, పెరుగు దొరుకుతాయి. శాకాహారమని బుకింగ్‌లోనే రాయించు.

ఓడ ఎక్కగానే ఫోను విమానం గుర్తు మీద పెట్టేసెయ్. నడిసముద్రంలో ఓడ సిగ్నల్ పట్టుకుందంటే బిల్లు చూసి మీ ఆయనకి బీపీ వస్తుంది. గది తాళం, పర్సు, గుర్తింపు అన్నీ ఒకే కార్డు. డబ్బు కనపడదు కాబట్టి ఖర్చూ కనపడదు, రోజూ లెక్క చూసుకో. మనిషికి రోజుకింతని టిప్పులు వాళ్లే వేసేస్తారు, అది ముందే లెక్కలో పెట్టు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగండి. ఓడల్లో పాకే నోరోవైరస్ అనే వాంతుల జబ్బుకి చేతికి రాసుకునే శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు. ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, మర్నాడు కట్టుకునే బట్టలు బయటికి తీసిపెట్టుకోండి. మేం ఓడ ఎక్కినప్పుడు మాతో వచ్చినాయన ఒకరు ప్యాంట్లన్నీ పెట్టెలో సర్దేసి, సింగపూర్‌లో లుంగీతో దిగారు.

గది ఓడకి నడిమధ్యన, కింది అంతస్తుల్లో తీసుకో. అక్కడ ఊపు తక్కువ. నేను లాంచీ నడిపే రోజుల్లో గర్భిణీ స్త్రీలని మేం ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లమో నీకు తెలుసుగా, అదే సూత్రం. నవంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్తే ఫుకెట్ వైపు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, నైరుతి గాలి రోజుల్లో వద్దు. అల్లం మురబ్బా పెట్టుకో. వాంతుల మాత్ర డాక్టర్నడిగి, కడుపు తిప్పక ముందే వేయించు.

చవకని కిటికీ లేని గది మాత్రం తీసుకోకు. మీ అమ్మ సముద్రం కనపడకపోతేనే మంచిదంటుంది, వినకు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో నిన్ను చంకనేసుకుని బడి గదిలో కూర్చుంది. కరెంటు లేదు. తలుపు సందులోంచి కూడా ఏమీ కనపడలేదు. కొబ్బరి చెట్లు ఒకటొకటే విరుగుతున్న చప్పుడు తెల్లారేదాకా విన్నాం. పొద్దున్న బయటికొచ్చి పడిపోయిన తోట చూశాక మీ అమ్మకి వణుకు తగ్గింది. దానికి చీకట్లో వినపడేదంటేనే భయం. కిటికీ ఉంటే లేచి చూసుకుంటుంది, నీళ్లు నీళ్లలాగే ఉంటాయి, పడుకుంటుంది.

ఇక డ్రిల్లు. ఎక్కిన రోజే మీ గదికి ఏ చోటు కేటాయించారో అక్కడికి రమ్మంటారు. లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే అదే ప్రమాదపు గుర్తు. జనం దీన్ని తప్పించుకుని ఫోటోలకి పోతారు. నువ్వు పోతే ఊరుకోను. 2012 జనవరి 13న ఇటలీలో గిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాయికి తగిలి ఒరిగిపోయింది, 32 మంది పోయారు. ఆ సాయంత్రం ఎక్కినవాళ్లకి డ్రిల్లు మర్నాడు పెట్టుకున్నారు. అప్పటి రూలు 24 గంటల్లోపు చేస్తే చాలని. ఆ తర్వాతే రూలు మార్చి, బయల్దేరే ముందు గాని బయల్దేరిన వెంటనే గాని చెయ్యాలన్నారు. అంత దూరం ఎందుకు, మన గోదారి మీదే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన వార్త విని నేను రెండ్రోజులు అన్నం తినలేదు. ముప్పై ఒక్కేళ్లు లాంచీ నడిపినవాణ్ణి, ఎన్ని వేలమందిని ఏ జాకెట్టూ లేకుండా దాటించానో ఆ రోజు కూర్చుని లెక్కేసుకున్నాను. మీ అమ్మకి జాకెట్ నువ్వే కట్టు. ముడి లాగి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి తెలియదు. మా అమ్మాయి, అల్లుడికి కూడా సగమే తెలుసు.

2019 జనవరిలో వాళ్లు మమ్మల్నీ ఇదే దారిలో తీసుకెళ్లారు. ఫుకెట్‌లో మా ఓడ రేవుకి ఆనలేదు. పటోంగ్ బీచికి ఎదురుగా లంగరేసి, చిన్న బోట్లలో ఒడ్డుకి దింపారు. టెండరు బోట్లంటారు. మనవడికి జ్వరం, పిల్లలు ఓడలోనే ఉండిపోయారు. మేమిద్దరమే దిగాం. ఆఖరి బోటు నాలుగున్నరకి, మర్చిపోవద్దని అమ్మాయి మూడుసార్లు చెప్పింది. నాకు చెప్తోంది, మాధవాయిపాలెం రేవులో పుట్టి పెరిగినవాడికి!

నా చేతికి ఎప్పుడూ ఉండే హెచ్‌ఎంటీ వాచీ ఆ రోజు గదిలో వదిలేశాను. అమ్మాయి కొత్త ఫోను కొనిచ్చింది, టైము అదే సర్దుకుంటుందని చెప్పింది. నిజంగానే సర్దుకుంది. థాయ్‌లాండ్ సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డున కాలు పెట్టగానే ఫోను అక్కడి టైముకి మారిపోయింది. ఓడ మాత్రం సింగపూర్ టైములోనే ఉంది. ఆ ఊసే నాకు తెలియదు.

తిరిగాం. కొబ్బరి బోండాం తాగాం. పైన పీచంతా చెక్కేసి, తెల్లగా గోపురంలా నిలబెట్టి ఇచ్చారు. నీళ్లకి ఏదో సువాసన. కోనసీమ చెట్టుకింద పుట్టినవాడు డబ్బిచ్చి బోండాం తాగడమేమిటని గొణుక్కుంటూ రెండోది కూడా తాగాను. మీ అత్తయ్య, "ఏవండీ, నాలుగైంది, వెళ్దామండీ" అంది. తన వాచీ చూపించింది. నా ఫోనులో మూడు. "నీ వాచీ గంట ముందుకెళ్తోంది" అని ఆ చెయ్యి పట్టుకుని, నేనే ముల్లు వెనక్కి తిప్పాను. బుజ్జీ, సరైన టైము చూపించే ఒకే ఒక్క గడియారాన్ని నా చేత్తోనే పాడుచేశాను. తను ఏమీ అనలేదు. కాసేపాగి, "మన ఓడ జనం ఒక్కరూ కనపడట్లేదు" అంది. రేవుల సంగతి నాకు చెప్పకు అని పదిమందిలో కసిరాను.

ఇంకో ఇరవై నిమిషాలకి యథాలాపంగా బోట్ల వైపు చూశాను. ఒడ్డున వేసిన డేరా విప్పేస్తున్నారు. మంచినీళ్ల డబ్బా బోటులోకి ఎక్కిస్తున్నారు. ఒక కుర్రాడు తాడు చుడుతున్నాడు. మామూలు ట్రిప్పుకి తాడు ఎవడూ అలా చుట్టడు, మళ్లీ విప్పాలి కాబట్టి వదులుగా పడేస్తాడు. ఆఖరి ట్రిప్పు తాడే అలా వరసగా, బిగించి చుడతారు. అది ఏ దేశంలోనైనా ఒకటే. అప్పుడు నా కడుపులో దిగింది.

పరిగెత్తాం. మీ అత్తయ్య చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో పరుగు. నేను అరిచాను, ఏ భాషలో అరిచానో తెలియదు. తాడు చుట్టే కుర్రాడు తలెత్తి చూశాడు, చేతి వాచీ చూసుకున్నాడు, మళ్లీ మమ్మల్ని చూశాడు. ఆగాడు. మహా ఉంటే మూడు నిమిషాలు. మీ అత్తయ్య చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

బోటులో కూర్చున్నాక నాకు ఓడ గుర్తు రాలేదు. మన రేవు మెట్ల మీద పరిగెత్తుకొచ్చిన ఒక లేసు అల్లే మనిషి గుర్తొచ్చింది. అవతలి ఒడ్డు ఆవిడ, షావుకారుకి లేసు అప్పజెప్పి డబ్బుకోసం కూర్చుండిపోయి ఆలస్యమైంది. ఆఖరి లాంచీ. నేను చూశాను. ఆపవచ్చు. టైమంటే టైమే అని వదిలేశాను, నీళ్లు మూడు బారలు పెరిగాయి. "ఒరే సరంగూ, నీకూ ఒకనాడు రేవు తప్పుద్దిరా" అని అరిచింది. ఆ మాట ఎన్నేళ్లు నవ్వుతూ చెప్పుకున్నానో మీ అమ్మనడుగు. ఆవిడ ఆ రాత్రి రేవులోనే పడుకుందని మర్నాడు తెలిసింది. అది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఓడ మన కోసం ఆగదు. వాళ్లు అమ్మిన టూరులో వెళ్లినవాళ్లు ఆలస్యమైతే మామూలుగా ఆగుతారు, సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఆగరు. మిగిలిపోతే తర్వాతి రేవుకి మన ఖర్చుతో మనమే చేరాలి. అందుకని ఒడ్డుకి దిగినప్పుడల్లా పాస్‌పోర్టు కాపీ, కొంచెం డబ్బు, రేవులో ఓడ ఏజెంటు ఫోను నంబరు దగ్గరుంచుకో. ఆ నంబరు రోజూ గదిలో పెట్టే కాగితంలో ఉంటుంది. చెప్పిన టైముకి గంట ముందే రేవులో ఉండండి. మీ అమ్మ "వెళ్దామే" అంటే మారుమాట లేకుండా వెళ్లు. మీ అత్తయ్యకి నేను ఇంతవరకూ క్షమించమని చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని ఇచ్చినప్పుడు చదువుతుందని తెలుసు, చదవనీ.

చిన్నప్పుడు అంతర్వేది తీర్థానికి వెళ్తే, నాన్న మమ్మల్ని అన్నాచెల్లెళ్ల గట్టు దాకా తీసుకెళ్లేవారు. ఇటు గోదారి, అటు సముద్రం. మీ అమ్మ నా చొక్కా పట్టుకుని, "అన్నయ్యా, అవతల ఏముంటుంది?" అని అడిగింది. నాకూ తెలియదు. "ఏమీ ఉండదు, నీళ్లే" అన్నాను పెద్దగా తెలిసినట్టు. పినాంగ్ రేవులో అది ముందు దిగేటట్టు చూడు. దిగాక నాకు ఫోన్ చేయించు, బిల్లు నేనిస్తాను.

వాచీ ఈ ఉత్తరంతోనే కట్టి పంపుతున్నాను. పోస్టు వద్దంటోంది మీ అత్తయ్య, అయితే మీ అన్నయ్య చేత పంపుతాను. ఓడ ఎక్కగానే ఓడ గడియారం చూసి టైము పెట్టు. వాళ్లు మైకులో మార్చమంటే తప్ప ముట్టుకోకు. ఫోను ఏం చెప్పినా నమ్మకు. రోజూ పొద్దున్న కీ ఇవ్వాలి. చేతికి బిగువు తగలగానే ఆపెయ్, ఇంకా తిప్పితే స్ప్రింగు తెగుతుంది.

మీ మావయ్య