పట్టుచీరలకీ తాళపత్రాలకీ పిక్సెల్ షిఫ్ట్ పనికొస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఈమధ్యే నికాన్ జెడ్‌ఎఫ్ కొన్నాను. బరంపురంలో ఒక పట్టుచీరల షాపువాళ్ళు క్యాటలాగ్‌కి ఫొటోలు తీసిపెట్టమన్నారు. ఇంట్లో తాతగారి కాలం నాటి తాళపత్రాలు కూడా ఉన్నాయి, అవి పాడైపోకముందే ఫొటోలు తీసి దాచుకోవాలి. పిక్సెల్ షిఫ్ట్ పెడితే 96 మెగాపిక్సెల్ వస్తుందంటున్నారు. నిజంగా ఉపయోగం ఉందా? గోపాల్‌పూర్ బీచ్, మహేంద్రగిరి లాంటి చోట్ల ల్యాండ్‌స్కేప్‌లకి వాడొచ్చా?

జవాబు:

పిక్సెల్ షిఫ్ట్ అంటే కెమెరా లోపల కాంతిని నమోదు చేసే సెన్సర్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ ఒకే దృశ్యాన్ని చాలాసార్లు తీసి, ఆ షాట్లన్నీ ఒకే ఫొటోగా కలపడం. నాలుగు షాట్లు కలిపితే రంగు మెరుగవుతుంది, పదహారు కలిపితే మీరన్న 96 మెగాపిక్సెల్ వస్తుంది. ముందు సూటిగా చెప్పేస్తాను. చీరలకి తప్పకుండా వాడండి, కానీ 96 మెగాపిక్సెల్‌ది కాదు, నాలుగు షాట్ల మోడ్. తాళపత్రాలకి పదహారు షాట్లది వాడండి. బీచ్ సంగతి మర్చిపోండి. మహేంద్రగిరికి సగం అవును, సగం కాదు.

నాది బరంపురంలోనే చిన్న స్టూడియో. పెళ్ళిళ్ళు లేని నెలల్లో బట్టల షాపుల పని, పాత ఫొటోలకీ కాగితాలకీ కాపీలు తీసే పని చేస్తుంటాను. నేను వాడేది సోనీ ఏ7ఆర్ 4. మీ కెమెరా వేరైనా సూత్రం ఒకటే. మెనూలో పేర్లు మారతాయి, అంతే.

మెగాపిక్సెల్ అంకె చూసి అందరూ ఆశపడతారు గానీ, దీని అసలు లాభం రంగులో ఉంది. కెమెరా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది. సగం పిక్సెళ్ళు ఆకుపచ్చ, పావువంతు ఎరుపు, పావువంతు నీలం. మిగతా రెండు రంగులనీ పక్క పిక్సెళ్ళని చూసి కెమెరా ఊహించి నింపుతుంది. మనిషి ముఖానికో చెట్టుకో ఆ ఊహ చాలు. సన్నటి నేత దగ్గరే తేడా కొడుతుంది. పిక్సెల్ షిఫ్ట్‌లో సెన్సర్ ఒక్కో షాట్‌కి సరిగ్గా ఒక్క పిక్సెల్ పక్కకీ కిందకీ జరుగుతుంది. ముగ్గు చుక్కల మీద వేలు ఒక్కో చుక్కే జరిపినట్టు అనుకోండి. నాలుగు షాట్లు అయ్యేసరికి ప్రతి చోటా ఎరుపు ఒకసారి, నీలం ఒకసారి, ఆకుపచ్చ రెండుసార్లు నమోదవుతాయి. ఇక ఊహించే పని లేదు. ఫొటో మాత్రం మీ కెమెరా మామూలు 24 మెగాపిక్సెలే ఉంటుంది.

ఇప్పుడు చీరల దగ్గరికి రండి. చీర పన్నా సుమారు 1.2 మీటర్లు. ఆ వెడల్పంతా ఒక్క ఫ్రేమ్‌లో పెడితే మీ కెమెరాలో ఒక్కో పిక్సెల్‌కి 0.2 మిల్లీమీటర్ వస్తుంది. పట్టులో పోగుకీ పోగుకీ మధ్య దూరం కూడా దాని దరిదాపుల్లోనే ఉంటుంది. రెండు గీతల వరసలు అలా దగ్గర దగ్గరగా తగిలినప్పుడు లేని చారలు పుడతాయి. దీన్నే మోరే అంటారు. ముదురు వంగపండు రంగు బాడీ మీద ఆకుపచ్చ, గులాబీ చారలు తేలుతూ కనిపిస్తాయి. కుంభాల అంచు దగ్గర జరీ మెరుపుతో ఇంకా ఎక్కువ. ఒక షాపు ఓనరు అలాంటి ఫొటో చూసి, "ఏటి బాబూ, చీర మీద నూనె ఒలికిపోయిందేటి?" అన్నాడు. ఫొటోషాప్‌లో ఆ చారలు తుడిస్తే అసలు రంగు కూడా వాటితోపాటే పోతుంది. నాలుగు షాట్ల మోడ్‌లో తీస్తే ఆ దొంగ రంగులు దాదాపు పోతాయి. రంగు లేని నలుపు తెలుపు చారలు ఎక్కడైనా మిగిలితే కెమెరాని ఓ అడుగు దగ్గరికో దూరానికో జరపండి.

చీరలకి పదహారు షాట్లు వద్దనడానికి కారణం లెక్కే. ఏ4 పేజీ నిండా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేయాలంటే 9 మెగాపిక్సెల్ కూడా పట్టదు. మీ 24 మెగాపిక్సెల్ 20 అంగుళాల వెడల్పు ప్రింటుకి సరిపోతుంది. 96 అంటే 40 అంగుళాలు. షాపు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టాలన్నా దాన్ని దూరం నుంచే చూస్తారు, అంత డీపీఐ దండగ. పైగా క్యాటలాగ్ సగం వాట్సాప్‌లోనే తిరుగుతుంది, అక్కడ ఎంత పెద్ద ఫొటో పంపినా కుదించేస్తుంది. మోడల్ కట్టుకున్న చీరకైతే ఏ మోడ్ అయినా వద్దు, ఊపిరి తీసుకునే మనిషి మీద ఇది పనిచేయదు. కొంగు, అంచు, నేత దగ్గరగా చూపించే షాట్లకే నాలుగు షాట్లది వాడి, మిగతావన్నీ మామూలుగా లాగించేయండి. మీ జెడ్‌ఎఫ్‌లో 8, 32 షాట్లవి కూడా ఉంటాయి. అవి నాయిస్ (ఫొటోలో పడే ఇసుకలాంటి మచ్చలు) తగ్గించడానికి. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ 100లో తీసేవాళ్ళకి వాటితో పెద్దగా పని పడదు.

ఇక కష్టం అంతా కదలిక దగ్గరే. మీ సెన్సర్‌లో ఒక పిక్సెల్ వెడల్పు సుమారు 6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు). తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. పదహారు షాట్ల మోడ్‌లో సెన్సర్ అర పిక్సెల్, అంటే 3 మైక్రాన్ల చొప్పున జరుగుతుంది. కెమెరా గానీ చీర గానీ ఆ కొలతలో అటూ ఇటూ అయిందంటే కలిపిన ఫొటోలో ఆ భాగం మీద చిన్న చిన్న గళ్ళు పడతాయి. అందుకే చీరని హ్యాంగర్‌కి తగిలించకండి. అది ఊగుతున్నట్టు కంటికి కనపడదు, ఫొటోలో కనపడుతుంది. బల్ల మీద పరిచి పైనుంచి తీయండి, లేదా బోర్డుకి పిన్నులు గుచ్చండి (పట్టుకి పిన్ను అంటే ఓనరు ఒప్పుకోడు, అంచు వెనక క్లిప్పులు పెట్టండి). పరిచిన వెంటనే తీయొద్దు. పట్టు కాసేపటిదాకా మడతల దగ్గర సర్దుకుంటూనే ఉంటుంది. ఫ్యాన్ కట్టేయాల్సిందే. మే నెలలో మన ఉక్కలో ఫ్యాన్ లేకుండా అంటే చెమటలు కారిపోతాయి, కానీ వేరే దారి లేదు. ఏసీ ఉంటే గాలి చీర మీదకి రాకుండా తిప్పండి.

నేల కూడా చూసుకోండి. మేడ మీద గదిలో తీస్తుంటే కింద రోడ్డు మీద లారీ వెళ్ళినా తెలిసిపోతుంది. కింది అంతస్తులో సిమెంటు నేల మీదైతే నయం. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లాగొద్దు. చేత్తో నొక్కకుండా టైమరో రిమోటో వాడి, షాట్‌కీ షాట్‌కీ మధ్య కొంత గ్యాప్ పెట్టండి. గది లోపల ఎవరూ నడవకూడదు. షాపు కుర్రాళ్ళు చూడ్డానికి వచ్చి చుట్టూ తిరుగుతుంటారు, ముందే బయటికి పంపేయండి.

కాంతి విషయంలో మన ఊళ్ళ బాధ వేరే. పదహారు షాట్లలో ఒక్కదాంట్లో కాంతి కొంచెం తగ్గినా గళ్ళు పడతాయి. సాయంత్రం ఏడు దాటాక వోల్టేజీ ఎలా ఊగుతుందో మీకు తెలియంది కాదు. మామూలు ఎల్‌ఈడీ బల్బులు ఆ ఊపుని అలాగే చూపిస్తాయి. బ్యాటరీ మీద నడిచే ఫొటో ఎల్‌ఈడీ ప్యానెళ్ళు రెండు ఉంటే టెన్షన్ ఉండదు. కరెంటు దీపాలే గతి అయితే షటర్ 1/50, 1/25 లేదా ఇంకా నెమ్మదిగా పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వందసార్లు మినుకుతుంది, వేగంగా తీస్తే అడ్డంగా పట్టీలు పడతాయి. కిటికీ వెలుగు అందంగానే ఉంటుంది గానీ మబ్బు అడ్డొస్తే మొత్తం సెట్ పోయినట్టే. కర్టెన్లు వేసేయండి.

అపర్చర్ (లెన్స్ రంధ్రం, అంకె పెరిగితే సన్నబడుతుంది) ఎఫ్/5.6కీ ఎఫ్/8కీ మధ్యే ఉంచండి. అంతా షార్ప్‌గా రావాలని ఎఫ్/16 పెడతారు కొందరు. అక్కడ డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నటి రంధ్రంలోంచి వచ్చే కాంతి చెదరడం వల్ల, ఒక చుక్క కాంతి 20 మైక్రాన్ల పైచిలుకు వెడల్పు పరుచుకుంటుంది. 3 మైక్రాన్ల మెట్లతో తీసి దాన్ని 20 మైక్రాన్ల మసకలో కలిపేస్తే ఏం లాభం? కిట్ లెన్స్ కూడా ఈ పనికి చాలదు. మ్యాక్రో లెన్స్ (బాగా దగ్గరి వస్తువులు తీసేది) అయితే అంచుల దాకా ఒకేలా ఉంటుంది. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి.

తాళపత్రాలకి మాత్రం నేనైతే పదహారు షాట్లకి వెనకాడను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది, ఇలాంటివి ఉన్న ఇళ్ళు చుట్టుపక్కల ఇంకా ఉంటాయి. ఆకు 40 సెంటీమీటర్ల పొడవు ఉందనుకుంటే, మామూలు షాట్‌లో మిల్లీమీటర్‌కి 15 పిక్సెళ్ళు వస్తాయి. అచ్చు పుస్తకానికైతే అది చాలు. కానీ గంటంతో గీసిన గీత చాలా సన్నం, దానికి తోడు గీతల్లో రుద్దిన మసి అక్కడక్కడా రాలిపోయి ఉంటుంది. పదహారు షాట్లలో మిల్లీమీటర్‌కి 30 పిక్సెళ్ళు వస్తాయి. అప్పుడు లిపి తెలుగైనా ఒడియా అయినా, మసి పోయిన చోట గీత గాడి కనిపిస్తుంది, పురుగు తొలిచిన చిల్లికీ సున్నాకీ తేడా తెలుస్తుంది. చదివే పండితులకి అది చాలా పెద్ద సాయం.

ఒక్కో ఆకుని రెండు రకాలుగా తీయండి. ఒకటి రెండు వైపుల నుంచీ సమానంగా కాంతి వేసి. రెండోది ఒకే దీపాన్ని బల్ల ఎత్తుకి దించి, పక్కనుంచి ఏటవాలుగా వేసి. రెండో దాంట్లో మసి లేని అక్షరాలు కూడా నీడతో లేచి కనిపిస్తాయి. రెండిటికీ విడివిడిగా పూర్తి సెట్ తీయాలి, మధ్యలో దీపం కదపకూడదు. పక్కన చిన్న స్కేలూ రంగుల కార్డూ పెట్టండి. దీపం వేసిన కాసేపటికి ఆకు వెచ్చబడి కొద్దిగా మెలి తిరగొచ్చు, అందుకని అది కుదురుకునేదాకా ఆగి మొదలుపెట్టండి. వంగిన ఆకు మీద గాజు పెట్టి అదమకండి, పెళుసుబారి ఉంటే విరిగిపోతుంది.

ల్యాండ్‌స్కేప్‌లకి వస్తే, గోపాల్‌పూర్‌లో అల ఒక్క సెకను కూడా ఆగదు. కొన్ని కెమెరాల్లో కదిలిన భాగాన్ని ఒక్క షాట్ నుంచే తీసుకునే సదుపాయం ఉంది. అయితే ఆ భాగం మామూలు ఫొటోయే అవుతుంది. సముద్రం ఫొటోలో కదలని భాగం ఇంకేం మిగులుతుంది? మహేంద్రగిరి మీద గాలికి అడవి అంతా ఊగుతూనే ఉంటుంది, దానికీ వద్దు. అక్కడి రాతి గుళ్ళ గోడలకి మాత్రం గాలి లేని ఉదయం పూట బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అలాగే మన గంజాం జిల్లాలోనే జౌగడలో అశోకుడి శిలాశాసనం ఉంది. ఇలాంటి పనికి దానికంటే మంచి సబ్జెక్ట్ దొరకదు, ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి అడగండి. కొండల దృశ్యానికి నిజంగా పెద్ద ఫైలే కావాలంటే కెమెరాని కొద్దికొద్దిగా తిప్పుతూ ముక్కలు తీసి అతికించడం మేలు. 2022లో నెదర్లాండ్స్‌లోని రైక్స్ మ్యూజియం వాళ్ళు రెంబ్రాంట్ 'నైట్ వాచ్' చిత్రాన్ని 717 గిగాపిక్సెల్‌లో విడుదల చేశారు. అది 8,439 ఫొటోలు అతికించినదే.

చివరగా కంప్యూటర్ పని. మీ కెమెరా షాట్లని తనలో తాను కలపదు, ఎన్‌ఎక్స్ స్టూడియో అనే నికాన్ సాఫ్ట్‌వేర్‌లో కలపాలి, అది ఉచితమే. పదహారు రా ఫైళ్ళు (కెమెరా మార్పులు చేయని అసలు ఫైళ్ళు) అంటే దగ్గర దగ్గర అర జీబీ. నా సోనీలో కుదించని రా అయితే పదహారు షాట్లకి 2 జీబీ దాకా పోతుంది, కలిపితే 240 మెగాపిక్సెల్. పాత ల్యాప్‌టాప్ అయితే కలుపుతున్నంతసేపూ వేరే పని పెట్టుకోకండి. కలిపాక కూడా విడి ఫైళ్ళు చెరిపేయొద్దు. ఒక్కోటీ మామూలు 24 మెగాపిక్సెల్ ఫొటోయే కాబట్టి, కలపడం చెడితే అందులో ఒకటి తీసుకుని పని నడిపించొచ్చు.

షాపుకి వెళ్ళేముందు ఇంట్లో గోడకి న్యూస్‌పేపర్ గట్టిగా అంటించి ఒక పదహారు షాట్ల సెట్ తీసి కలిపి చూడండి. వంద శాతం జూమ్‌లో అక్షరాల అంచుల మీద గళ్ళు కనిపిస్తే ముందు ట్రైపాడ్‌ని, తర్వాత నేలని, ఆ తర్వాత దీపాన్ని అనుమానించండి. అవన్నీ బాగుండి ఇంకా గళ్ళు వస్తుంటే శాంపిల్ ఫైళ్ళు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.