ఎంసెట్‌కు కెమిస్ట్రీ బేసిక్స్ వచ్చాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

మాక్ టెస్టుల్లో కెమిస్ట్రీ 40కి 24, 25 వస్తున్నాయి, బేసిక్స్ ఉన్నట్టేనా అని అడిగావు. ఆ మార్కులు చూసి చెప్పలేం. పేరు ఈఏపీసెట్‌గా మారినా మా కడపలో ఇంకా ఎంసెట్టే. అందులో తప్పు రాసినా మార్కులు పోవు కాబట్టి గుడ్డిగా పెట్టినవి కూడా కొన్ని తగులుతుంటాయి.

నేనిక్కడ ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. కొత్తగా ఎవరొచ్చినా ఆప్షన్లు లేకుండా అడుగుతా. 50 గ్రాముల సున్నపురాయిలో కాల్షియం కార్బొనేట్ 80 శాతం. బాగా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎన్ని గ్రాములు? జవాబు 17.6. ఎవరైనా 22 అంటే నాకు పెద్ద దిగులుండదు, మోల్ లెక్క వచ్చు, 80 శాతం సంగతి మర్చిపోయారంతే. 22.4 అన్నారంటే మాత్రం ఒక మోల్ వాయువు ఇన్ని లీటర్లు అని బట్టీ పట్టిన అంకె నోటికొచ్చిందని అర్థం. తప్పు ఏ రకందో చూసుకో, మార్కుల కంటే అదే ఎక్కువ చెప్తుంది.

తర్వాత మన మంగంపేట ముగ్గురాయి, అంటే బేరియం సల్ఫేట్. బేరియం అయాన్లు విషం కదా, మరి ఎక్స్‌రేకు ముందు దాన్ని ఎలా తాగిస్తారు? 'కరగదు కాబట్టి' అని చాలామంది చెప్తారు. అయితే బేరియం కార్బొనేట్ కూడా నీళ్లలో సరిగా కరగదు, అది తాగించొచ్చా? ఇక్కడే తేలిపోతుంది. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బొనేట్ చర్య జరిపి బేరియం అయాన్లను వదిలేస్తుంది. సల్ఫేట్ ఆ ఆమ్లానికీ లొంగదు. ఇది నీ అంతట నువ్వు చెప్పగలిగితే మన తుమ్మలపల్లె యురేనియం గని సంగతీ అందుతుంది: జార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియం తీయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు, ఇక్కడ క్షారం. ఇక్కడి రాయి డోలమైట్, అదీ కార్బొనేటే. ఆమ్లం పోస్తే ముందు రాయే తాగేస్తుంది.

10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? 8 అని రాస్తే ఆమ్లాన్ని క్షారం చేసినట్టే. నీటి సొంత అయాన్లను కలిపితే 7కి కాస్త తక్కువ వస్తుంది.

ఈసారి మాక్ టెస్టులో ఊహించి పెట్టిన ప్రతి జవాబు పక్కనా చుక్క పెట్టు. చుక్కలున్నవి తీసేసి లెక్కెయ్యి. 15, 16కి దిగిందంటే కొత్త పేపర్లు ఆపేసి, ఫస్టియర్ తెలుగు అకాడమీ పుస్తకంలో స్టాయికియోమెట్రీ (మోల్ లెక్కలు), ఆమ్లాలు–క్షారాలు మళ్లీ చదువు. ఆర్గానిక్ సంగతి తర్వాత.