డాక్టర్ సలహా: పూల్‌లో పాకురు పోవాలని బ్లీచింగ్ చల్లాం... మావారికి దగ్గు ఆగట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. తోటలో ఇల్లు కట్టుకున్నప్పుడు పిల్లల కోసం చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. బోరు నీళ్లే నింపుతాం. పెళ్లిళ్ల హడావుడిలో 15 రోజులు పట్టించుకోలేదు. నీళ్లు పచ్చబడి, గోడలకు పాకురు పట్టింది. మావారు 5 కిలోల బ్లీచింగ్ పౌడర్ తెచ్చి సాయంత్రం చల్లారు. మెట్ల మీద మరకలు పోలేదని తెల్లారి అక్కడే బాత్రూం యాసిడ్ పోశారు. గుప్పున ఘాటు లేచి కళ్లు మండాయి, దగ్గుతూ కూలబడ్డారు. మూడు రోజులైంది, రాత్రిళ్లు ఇంకా దగ్గుతూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నమే పిల్లలు ఈతకు దిగితే కళ్లు ఎర్రబడ్డాయి, ఒళ్లంతా దురద. చిన్నోడికి తొమ్మిదేళ్లు, ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతాడు. ఇక బ్లీచింగ్ వేయొద్దా? నీళ్లన్నీ తోడేయాలా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, పూల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీవారిని ఈ రోజే డాక్టర్‌కు చూపించండి. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. ఆయన పీల్చింది అదే. ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల లోపలి తడికి తగలగానే అది మళ్లీ ఆమ్లంగా మారి పొరలను కాలుస్తుంది. మూడు రోజుల తర్వాత కూడా రాత్రి దగ్గు ఆగలేదంటే లోపల శ్వాసనాళాలు వాచి ఉన్నాయని అర్థం. స్టెతస్కోప్‌తో విని, వేలికి ఆక్సిజన్ చూసి, అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. నెబ్యులైజర్, కొన్ని రోజుల మందులతో చాలామందికి తగ్గిపోతుంది. వెళ్లినప్పుడు 'దగ్గు' అని మాత్రమే చెప్పకండి, 'బ్లీచింగ్, యాసిడ్ కలిసిన గ్యాస్ పీల్చాడు' అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే మామూలు సర్ది మందులిచ్చి పంపే అవకాశం ఉంది. మాట పూర్తి చేయలేనంత ఎగశ్వాస వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, పెదాలు నీలంగా మారినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. పాలు తాగితే, బెల్లం తింటే ఊపిరితిత్తులు శుభ్రమవుతాయన్న మాట మాత్రం నమ్మొద్దు.

ఇంకో విషయం మీ ఇంట్లో అందరికీ తెలియాలి. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు. అందుకే పైకి పోదు, పల్లంలో పేరుకుంటుంది. ఖాళీ చేసిన పూల్, సంపు, బావి... ఇవే దానికి ఇష్టమైన చోట్లు. కొన్నేళ్ల కింద నా దగ్గరికి ఒకాయనను ఆటోలో తీసుకొచ్చారు. సంపు గోడలకు బ్లీచింగ్ రుద్ది, మరక పోలేదని యాసిడ్ పోసి, కిందకి వంగి బ్రష్‌తో గీకాడు. మూతికి తువ్వాలు కట్టుకునే ఉన్నాడు. గుడ్డ దుమ్మును ఆపుతుంది కానీ గ్యాస్‌ను ఆపలేదు. పొద్దున కొంచెం దగ్గి, బాగానే ఉందని ఇంటికి పోయాడు. రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కూర్చుంటే తప్ప ఊపిరి ఆడని స్థితికి వచ్చాడు. పీల్చిన వెంటనే బాగున్నా, ఒక రోజంతా కనిపెట్టి ఉండాలనేది ఇందుకే. అదృష్టవశాత్తూ ఆయన బతికాడు.

ఇక పిల్లల కళ్లు, దురద. దీనికి లెక్క చూడాలి. మీ పూల్‌లో పట్టేది సుమారు 22,500 లీటర్లు. ఈత నీళ్లలో లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటే చాలు. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం పైన క్లోరిన్ ఉంటుంది కాబట్టి, మీ పూల్‌లో 1 మిల్లీగ్రాము పెరగాలంటే 75 గ్రాములు పడితే సరిపోతుంది. మీరు చల్లింది 5 కిలోలు. అంటే లీటరుకు 65 మిల్లీగ్రాముల పైమాట! పాకురు కొంత తినేసినా, ఎండకు కొంత పోయినా, పిల్లలు దిగిన నీళ్లు ఈతకు పనికొచ్చేవి కావు. కళ్లను మంచినీళ్లతో బాగా కడగండి. ఎరుపు, మంట రెండు రోజుల్లో తగ్గకపోతే, చూపు మసకగా ఉంటే కంటి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి. ఒంటికి సబ్బు ఎక్కువ రుద్దకుండా స్నానం చేయించి కొబ్బరినూనె రాస్తే దురద సర్దుకుంటుంది.

నీళ్లు తోడేయకండి. మన దగ్గర బోరు నీళ్లు అంత చవకగా రావు. పైగా ఆ నీళ్లు చెట్ల మొదళ్లకు పోతే వేర్లు మాడతాయి, చెరువులోకి పోతే చేపలు చస్తాయి. మన ఎండే మందు. ఎండలో క్లోరిన్ దానంతట అదే విరిగిపోతుంది. పిల్లలు దిగకుండా అడ్డం పెట్టి, మోటారు తిప్పుతూ కొన్ని రోజులు వదిలేయండి. పూల్ సామాను అమ్మే చోట క్లోరిన్, పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఏ మేరకో చెప్పే కొలత) చూసే కిట్ దొరుకుతుంది. క్లోరిన్ 3కి దిగి, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండి, అడుగున పడేసిన రూపాయి బిళ్ల పైనుంచి స్పష్టంగా కనిపించినప్పుడే పిల్లలను దించాలి. అడుగు కనిపించని పూల్‌లో పిల్లాడు మునిగినా పైవాళ్లకు తెలియదు. పాకురులో నాకు అన్నిటికంటే భయం వేసేది అదే.

బ్లీచింగ్ వేయొద్దా అన్నారు. వేయాలి. క్లోరిన్ లేని వెచ్చటి నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కేరళలో ఈ మధ్య మెదడును తినే అమీబా గురించి వార్తల్లో చూసే ఉంటారు. చాలా అరుదే, కానీ ఇలాంటి నిర్వహణ లేని నీళ్లలోనూ అది బతుకుతుంది. వేసే పద్ధతే మారాలి.

ఇకపై ఎప్పుడైనా పాకురు పడితే, ముందు గోడలను బ్రష్‌తో గట్టిగా రుద్దండి. జిగురు పొర కింద దాక్కున్న పాకురుకు మందు తగలదు. తర్వాత ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, అందులో ముప్పావు కిలో పౌడర్ వేసి కర్రతో కలపండి. అరగంట ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లను సూర్యుడు దిగాక, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, పూల్ చుట్టూ పోయండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. పౌడర్ నేరుగా చల్లితే ఉండలు అడుగున పడి, పిల్లల అరికాళ్లు కాలుతాయి. చచ్చిన పాకురు తెల్లగా కిందకి దిగుతుంది, దాన్ని తీసేయాలి. ఆ తర్వాత రోజూ సాయంత్రం కొద్దిగా, కిట్‌తో చూసుకుంటూ వేస్తే పచ్చదనం మళ్లీ రాదు.

యాసిడ్ ఎందుకు వాడతారో నాకు తెలుసు. మన బోరు నీళ్లు గట్టి నీళ్లు, మెట్ల మీద తెల్లటి పెచ్చు కడతాయి. పైగా బ్లీచింగ్‌తో పీహెచ్ పెరుగుతుంది, పెరిగితే క్లోరిన్ పని సగానికి పడిపోతుంది. పీహెచ్ తగ్గించాల్సి వస్తే ఆ పని తెలిసినవాళ్లతో వేరే రోజు చేయించండి. బ్లీచింగ్ కలిపిన బకెట్ కూడా దానికి వాడొద్దు.

మన జిల్లా నీళ్లు కాబట్టి ఒక మాట. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే 'నల్గొండ టెక్నిక్' గురించి విని, బ్లీచింగ్ వేస్తే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్లు ఉన్నారు. అందులో ఫ్లోరైడ్‌ను పట్టేది పటిక. బ్లీచింగ్ క్రిములను చంపడానికే. ఈదేటప్పుడు ఆ నీళ్లు మింగొద్దని పిల్లలకు చెప్పండి.

మీ చిన్నోడు ఈత మానాల్సిన అవసరం లేదు. మీవారు పూర్తిగా కోలుకుని, నీళ్లు పైన చెప్పిన లెక్కకు వచ్చాక దించండి. మందు వేసే సాయంత్రం మాత్రం వాడిని ఆ దరిదాపుల్లో ఉంచొద్దు. ఇన్‌హేలర్ గట్టు మీద, చేతికందేలా ఉండాలి.

మిగిలిన బ్లీచింగ్ ఎక్కడ పెట్టారో రాయలేదు. తోట ఇళ్లలో సాధారణంగా యూరియా బస్తాలు, డీజిల్ డబ్బా ఉన్న గదిలోనే పెడతారు. యూరియాతో కలిస్తే పేలే పదార్థం పుడుతుంది, డీజిల్ తగిలితే మంట అంటుకోవచ్చు. ఈ రాత్రికే దాన్ని అక్కడినుంచి తీసి, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నీడలో, తడి తగలని వేరే చోట పెట్టించండి.