వంటగట్టుకు పాలరాయి వేయించవచ్చా?

ప్రశ్న: బొబ్బిలిలో మేము ఇల్లు కట్టుకుంటున్నాము. వంటగట్టుకు తెల్లని మక్రానా పాలరాయి వేయించాలన్నది నా చిరకాల కోరిక. మా మావయ్యగారు టెక్కలి గ్రానైట్ చాలంటున్నారు. పైన సీలర్ పూస్తే పాలరాయికి ఏమీ కాదని మేస్త్రి చెబుతున్నాడు. ఏది మంచిది?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ వంటింట్లో చింతపండు పులుసు, టమాటా పచ్చడి, ఆవకాయ లేని రోజు ఉండదనే అనుకుంటున్నాను. అలాంటి వంటింటి గట్టుకు పాలరాయి తగదు. ఈ విషయంలో మీ మావయ్యగారి మాటే సరైనది. సున్నపురాయి భూమి లోపలి వేడికి, ఒత్తిడికి రూపు మారితే పాలరాయి అవుతుంది. అందులో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేటు కాబట్టి, పులుపు తగిలిన చోటల్లా రాతి పైపొర కరుగుతుంది. పులుసు కలిపిన గరిటెను గట్టు మీద పెట్టి కాసేపటికి తీసి తుడిస్తే, ఎదురుగా ఏమీ కనిపించకపోవచ్చు. కానీ కిటికీ వెలుతురుకు వంగి ఏటవాలుగా చూస్తే గరిటె ఆనిన మేర మెరుపు పోయి పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది, వేలితో రాస్తే కొద్దిగా గరుకుగా తగులుతుంది. అది ఎంత కడిగినా పోదు. మళ్ళీ పాలిష్ పట్టించవలసిందే.

మేస్త్రి మాటలో సగమే నిజం ఉంది. సీలర్ రాతి రంధ్రాలలోకి ఇంకి నూనె, పసుపు త్వరగా లోపలికి దిగకుండా ఆపుతుంది. అంతేగాని పులుపు పైపొరను తినడాన్ని ఆపలేదు. పైగా గీత పడకుండా తట్టుకునే గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోహ్స్ కొలమానంలో పాలరాయి గట్టిదనం సుమారు 3 కాగా, గ్రానైట్‌ది 6 నుంచి 7 వరకు ఉంటుంది. ఆకుకూరలతో వచ్చే ఇసుక రేణువులు చాలు పాలరాతిని గీయడానికి.

గ్రానైట్‌లో ప్రధానంగా ఉండే ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ ఖనిజాలను వంటింటి పులుపు ఏమీ చేయదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతంలో నీలిఛాయ గ్రానైట్ దొరుకుతుంది, పాలిష్ చేసే కర్మాగారాలూ అక్కడే ఉన్నాయి. దుకాణంలో చూపించే అరచేయంత ముక్కను నమ్మకుండా, స్వయంగా వెళ్ళి పలకను పూర్తిగా నిలబెట్టించి చూడండి. నీళ్ళు చల్లి ఆరుతుండగా చూస్తే సన్నని పగుళ్ళు తడి గీతలుగా బయటపడతాయి. పనికిరాని ముక్క మీద నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాల తరువాత తుడిచినప్పుడు మరక నల్లగా మిగిలితే ఆ రాయి నీరు పీల్చుతోందని అర్థం. దానికి సీలర్ తప్పనిసరి. అక్కడే నిమ్మరసం చుక్క కూడా వేసి చూడండి. మెరుపు తగ్గితే అందులో సున్నం ఉన్నట్లే. నల్లరాయి తీసుకునేట్లయితే తెల్లగుడ్డను గోళ్ళరంగు తుడిచే అసిటోన్‌లో ముంచి రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అది పూసిన రంగే.

గట్టు పనిలో ఎక్కువగా పగిలేది సింకు కోత దగ్గర, ముందు వైపు మిగిలే సన్నని పట్టీ. కోత మూలలను గుండ్రంగా తీయించి, ఆ పట్టీ కింద ఆధారం పెట్టించండి. గట్టు అంచు అడుగున సన్నని గాడి కొట్టిస్తే కారిన నీరు కింది అలమరాలలోకి పోకుండా అక్కడే రాలిపోతుంది; ఇది చాలామంది మరచిపోయే పని.

మీ తెల్లరాతి కోరికను వదులుకోనక్కరలేదు. పూజగదికి మక్రానా వేయించుకోండి. చపాతీలు వత్తడానికి కూడా ఒక చిన్న పాలరాతి పలక ఉంచుకోవచ్చు. చల్లగా ఉండే రాయి కాబట్టి ఆ పనికి చక్కగా నప్పుతుంది.

ప్రశ్న: మా గట్టు ఇప్పటికే పాలరాయి. ఆమ్లం కలిసిన బాత్రూమ్ ద్రావణంతో కడగవచ్చా?
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఎంతమాత్రం వద్దు. నిమ్మచెక్క, వెనిగర్ కూడా వద్దు. గాఢత లేని సబ్బునీటితో కడిగి వెంటనే పొడిగా తుడవండి. పులుపు వస్తువులు కోసేటప్పుడు, కలిపేటప్పుడు కింద పళ్ళెం పెట్టుకోండి. తడి ఇనుప పెనాన్ని ఆ రాతి మీద ఆరబెట్టకండి, తుప్పు మరక వదిలించడం చాలా కష్టం.